నీటి లెక్క - నూనె లెక్క

డబ్బాలో బియ్యం ఎన్ని ఉన్నాయో ఇల్లాలికి తెలుసు. మూత తీసి చూస్తుంది. "ఇంకా పది రోజులు వస్తాయి" అంటుంది. చుట్టాలు వస్తే రెండు రోజులు ముందే అయిపోతాయని కూడా ఆమెకు తెలుసు. అందుకే చూసి వాడుతుంది.

మరి ఊరి కింద నీళ్లు ఎన్ని ఉన్నాయి? ఎన్ని రోజులు వస్తాయి?

చాలా ఊళ్లలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. డబ్బా ఒక్కటే. అందులో చెయ్యి పెట్టేవాళ్లు వందమంది. మూత తీసి చూసేవాళ్లు లేరు. ఎండాకాలం వస్తుంది. బోరు నీళ్లకు బదులు గాలి కక్కుతుంది. డబ్బా ఖాళీ అని అప్పుడు తెలుస్తుంది. బిందె పట్టుకుని దూరం నడవాల్సింది మాత్రం ఆడవాళ్లే.

నేల కింద ఏముంది?

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల నేల కింద గట్టి రాయి ఉంది. రాతిలో పగుళ్లు ఉన్నాయి. ఆ పగుళ్లలోనే నీళ్లు నిలుస్తాయి. నేల కింద పెద్ద నది పారుతోందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. కురిసిన వానే కిందికి ఇంకుతుంది. అదీ కొంచెమే. వంద బిందెల వాన పడితే ఇలాంటి రాతి నేలలో సుమారు పది బిందెలు కిందికి దిగుతాయి. మిగతా నీళ్లు వాగుల్లో పోతాయి. ఎండకు ఆవిరైపోతాయి. చెట్లు, పైర్లు తాగుతాయి.

వెనకటి రోజుల్లో బావుల నుంచి మోటతో తోడేవారు. ఎద్దులు అలసిపోతే తోడటం ఆగేది. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. మోటారుకు అలుపు లేదు. బావులు ఎండిపోయాయి. బోర్లు వచ్చాయి. ఒకరు 200 అడుగులు వేస్తే పక్కవాళ్లు 300 అడుగులు వేశారు. లోతు పెరిగింది. మోటారు పెద్దదయింది. కరెంటు ఎక్కువ కాలింది. అప్పు పెరిగింది. నీళ్లు మాత్రం పెరగలేదు.

నీళ్ల బాధ, కరెంటు బాధ వేరు వేరు కావు. ఒకే తాడుకు రెండు కొసలు.

ఏడు జిల్లాల్లో నీటి లెక్క

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మంచి పని మొదలైంది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో మొదలైంది. అన్నీ కరువు చూసిన జిల్లాలే. రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పథకం అది. నెదర్లాండ్స్ దేశం డబ్బు సాయం చేసింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. 638 ఊళ్లలో ఆ పని నడిచింది.

ఈ పథకం ఊరికి కొత్త మోటార్లు పంచలేదు. రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు. కొలవడం నేర్పింది.

మొదటి కొలత, వాన. ఊళ్లో వాన కొలిచే డబ్బా పెట్టారు. వాన పడినప్పుడల్లా ఎన్ని మిల్లీమీటర్లో చూసి రాశారు.

రెండో కొలత, నీటి మట్టం. కొన్ని బోర్లను గుర్తు పెట్టుకున్నారు. పదిహేను రోజులకోసారి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచారు.

మూడో కొలత, మోటారు పోసే నీళ్లు. దీనికి డ్రమ్ము, గడియారం చాలు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండిందో చూశారు.

మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ కొలిచారు. బడి చదువు పెద్దగా లేనివాళ్లూ కొలిచారు. కొలిచిన అంకెలను ఊరి గోడ మీద రాశారు. పుస్తకంలో రాస్తే ఒకరు చూస్తారు. గోడ మీద రాస్తే ఊరంతా చూస్తుంది.

వానలు వెనకబట్టాక, రబీ పంట వేసే ముందు, అందరూ కూర్చున్నారు. జమ ఒక పక్క రాశారు. ఖర్చు ఒక పక్క రాశారు. నేల కింద ఉన్న నీళ్లు జమ. వేయబోయే పైర్లకు కావలసిన నీళ్లు ఖర్చు. దీనికి నీటి బడ్జెట్ అని పేరు. ఎవరినీ బలవంతం చేయలేదు. జరిమానా లేదు. లెక్క చూసి ఎవరి పంట వాళ్లే తేల్చుకున్నారు.

రచ్చబండ దగ్గర

అలాంటి కూటం ఎలా ఉంటుంది? ఒక ఊరిని ఊహించుకోండి.

లెక్క రాసే కోడలు లేచి చదివింది. "ఈ ఏడు వాన తగ్గింది. మనం అనుకున్న పైర్లకు వంద బిందెలు కావాలి. కింద ఉన్నవి అరవై బిందెలు."

ఒక రైతుకు కోపం వచ్చింది. "నా బోరు నా డబ్బుతో వేయించుకున్నా. నేను వరి వేస్తే అడగడానికి మీరెవరు?"

ఎవరూ పలకలేదు. వెనక కూర్చున్న ముసలమ్మ నోరు విప్పింది. "బోరు నీదే నాయనా. కాదన్నదెవరు? పైన నీ చేనికి గట్టు ఉంది. కింద నీళ్లకు గట్టు ఉందా?"

"లేదు పెద్దమ్మా. కానీ నేనొక్కణ్ణి మానుకుంటే ఏం లాభం? నేను మిగిల్చిన నీళ్లు పక్కాయన తోడుకుంటాడు. అప్పుడు నష్టపోయేది నేనే గదా!"

ఆ మాటలో న్యాయం ఉంది. అక్కడ చాలామంది మనసులో ఉన్న మాట కూడా అదే.

"అందుకే గదా మామా, అందరం ఒకచోట కూర్చున్నది" అంది కోడలు. "ఎవరు ఏ పంట ఎంత వేస్తారో అందరి ముందూ చెప్పండి. గోడ మీద రాస్తాం. పదిహేను రోజులకోసారి మట్టం కొలుస్తాం. ఎవరైనా మాట తప్పితే గోడే చెబుతుంది."

రైతు చాలాసేపు ఆలోచించాడు. "సరే. తిండికి అరెకరం వరి వేసుకుంటా. మిగతాది వేరుశెనగ వేస్తా. పక్కాయన కూడా లేచి చెప్పాల" అన్నాడు.

పక్కాయన కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి తన లెక్క చెప్పాడు.

వరికీ వేరుశెనగకూ ఎంత తేడా? ఎకరం వరికి సుమారు 48 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. ఎకరం వేరుశెనగకు సుమారు 20 లక్షల లీటర్లు చాలు. ఒక ఎకరం వరి నీళ్లతో రెండెకరాల వేరుశెనగ పండుతుంది.

ఆ ఏడు జిల్లాల్లో చాలాచోట్ల రైతులు వరి తగ్గించారు. తక్కువ నీళ్ల పంటలు వేశారు. బోర్లు తోడటం తగ్గింది. ఆదాయం మాత్రం తగ్గలేదని 2010లో ప్రపంచ బ్యాంకు వారి నివేదిక చెప్పింది.

కొలత ఆగితే?

ఆ పథకం ముగిసింది. సిబ్బంది వెళ్లిపోయారు. తర్వాత కొందరు పరిశోధకులు ఆ ఊళ్లకు వెళ్లి చూశారు. చాలాచోట్ల కొలవడం, కూర్చోవడం తగ్గిపోయాయి. గోడ మీద అంకెలు పాతబడ్డాయి.

ఎందుకిలా అయింది? లెక్క పథకానిది అనుకుంటే పథకంతోనే పోతుంది. లెక్క ఊరిది అనుకుంటే ఊరితో ఉంటుంది.

నిలబెట్టుకున్న ఊరు కూడా ఒకటి ఉంది. అది మహారాష్ట్రలోని హివ్రే బజార్. అక్కడ వానలు తక్కువ. 1989లో పోపట్‌రావ్ పవార్ ఆ ఊరి సర్పంచ్ అయ్యారు. ఊరంతా కలిసి కొండల మీద కందకాలు తవ్వారు. చెట్లు పెంచారు. పంటలకు బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఎక్కువ నీళ్లు తాగే చెరకును వద్దనుకున్నారు. ఏటేటా వానను కొలిచి, గ్రామసభలో నీళ్ల లెక్క చూస్తారు. మనుషుల దాహం, పశువుల దాహం ముందు. పంట తర్వాత.

వాన తీరు మారింది

ఇప్పుడు ఈ లెక్క ఇంకా అవసరం. వానలు వెనకటిలా పడటం లేదు. నెల రోజుల వాన ఒక్క రోజులో కురుస్తుంది. తర్వాత మూడు వారాలు చుక్క ఉండదు. ఎండలు ముదిరాయి.

దీనికి ఒక కారణం పొగ. కరెంటు కోసం బొగ్గు కాలుస్తున్నారు. బండ్లకు, ఇంజన్లకు డీజిలు కాలుస్తున్నారు. అప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది కంటికి కనపడదు. భూమి చుట్టూ దుప్పటిలా కప్పుకుంటుంది. దుప్పటి మందమయ్యే కొద్దీ భూమికి వేడి పెరుగుతుంది.

కాబట్టి నీళ్లకే కాదు, పొగకు కూడా లెక్క ఉంది. ఆ లెక్క రాసినవాళ్లలో అడవి గూడెం ఆడవాళ్లు కూడా ఉన్నారు.

పవర్‌గూడ నూనె లెక్క

పవర్‌గూడ చిన్న గోండు గూడెం. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ముప్పై ఒక్క ఇళ్లు. ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. వాననీరు నిలబెట్టే వాటర్‌షెడ్ పనులు సంఘాలే చేయించాయి.

చుట్టూ అడవిలో కానుగ చెట్లు ఉన్నాయి. కానుగ ఆకును పశువులు అంతగా తినవు. ఎండకు తట్టుకుంటుంది. దాని గింజల్లో నూనె ఉంది. నాలుగు కిలోల గింజలు ఆడిస్తే సుమారు కిలో నూనె వస్తుంది. మిగిలిన పిండి పొలానికి ఎరువు. కానుగ నూనెతో డీజిలు ఇంజను నడపవచ్చు.

పవర్‌గూడ సంఘాలు నూనె మిల్లు నడిపాయి. 2002లో కానుగ మొక్కలు నాటాయి. హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడు వచ్చారు. వాళ్లు కలిసి ఒక లెక్క వేశారు. పదేళ్లలో ఆ గూడెం నుంచి 51 టన్నుల కానుగ నూనె వస్తుంది. అంత డీజిలు కాలకుండా మిగులుతుంది. దానివల్ల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది.

కానుగ నూనె కాల్చినా పొగ వస్తుంది గదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఆ వాయువును చెట్టు పెరిగేటప్పుడు గాలి నుంచే తీసుకుంది. తీసుకున్నదే తిరిగి ఇస్తుంది. డీజిలు అలా కాదు. కోట్ల ఏళ్లుగా నేల కింద ఉన్నదాన్ని పైకి తెచ్చి గాలిలో కలుపుతుంది.

2003 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక సమావేశం పెట్టింది. దేశదేశాల నుంచి విమానాల్లో వచ్చారు. ఆ ప్రయాణాల పొగకు బదులుగా పవర్‌గూడ సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కలో అది సుమారు 30 వేల రూపాయలు.

ఇది పెద్ద మొత్తం కాదు. ముప్పై ఒక్క ఇళ్లకు పంచితే ఇంటికి వెయ్యి కూడా రాదు. పైగా విమానం ఎక్కేవాళ్లు డబ్బు కట్టి ఎక్కుతూనే ఉంటే పొగ ఎలా తగ్గుతుంది? ఇది అడగవలసిన ప్రశ్నే. అయినా ఒక సంగతి మరిచిపోకూడదు. గింజలు, నూనె, చెట్లు లెక్కకు ఎక్కాయి కాబట్టే గూడెం ఆడవాళ్లతో ప్రపంచ బ్యాంకు బేరం కుదుర్చుకుంది. లెక్క లేనివాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన ఊళ్లో ఏం చేయవచ్చు?

ఒక్కరితో అయ్యే పని కాదిది. సంఘం కూర్చున్న రోజున అప్పుల లెక్క తర్వాత నీళ్ల లెక్క తీయండి. సంఘం పుస్తకంలో ఒక పేజీ నీళ్లకు పెట్టండి. తాగునీటి బావి మట్టం పదిహేను రోజులకోసారి రాయండి. ఇద్దరు కొలవండి, ఒకరు రాయండి.

చట్టం కూడా తెలుసుకోండి. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. ఊరందరూ వాడే తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్ల లోపల పంటల కోసం కొత్త బోరు వేయకూడదు. ఎవరైనా వేస్తుంటే పంచాయతీలో, మండల ఆఫీసులో రాసి ఇవ్వవచ్చు. మీ పుస్తకంలో అంకెలు ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.

చేనుగట్ల మీద, బంజరులో కానుగ, వేప నాటండి. నాటినవి రాయండి. బతికినవి కూడా రాయండి.

బియ్యం డబ్బా మూత తీసి చూసే చెయ్యి మనదే. ఊరి నీళ్ల డబ్బా మూత తీయడం కూడా ఆ చేతికి చేతనవుతుంది.

కొత్త మాటలు

భూగర్భ జలం: నేల కింద ఉన్న నీరు
నీటి మట్టం: నీళ్లు నిలిచి ఉన్న లోతు
నీటి బడ్జెట్: నీళ్ల జమ, ఖర్చుల లెక్క
టన్ను: వెయ్యి కిలోలు

లెక్క చేయండి

200 లీటర్ల డ్రమ్ము ఒక నిమిషంలో నిండింది. గంటకు 60 నిమిషాలు. కాబట్టి గంటకు 12,000 లీటర్లు. ఇదే మోటారు 5 గంటలు నడిస్తే ఎన్ని లీటర్లు? (జవాబు: 60,000 లీటర్లు)

చదివి చెప్పండి

1. ఊరి గోడ మీద అంకెలు ఎందుకు రాశారు?
2. "కింద నీళ్లకు గట్టు ఉందా?" అని ముసలమ్మ ఎందుకు అడిగింది?
3. పథకం పోయాక కొలతలు ఎందుకు తగ్గాయి? మీ సంఘంలో అలా జరగకుండా ఏం చేస్తారు?
4. మీ ఊరి తాగునీటి బావిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి? కొలిచి, తేదీ వేసి రాయండి.