తంతి నేర్చిన భాష

‘తంతి వచ్చింది’ అన్న మాట వినగానే ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ గుండె దడదడలాడేది. మన దేశంలో ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. కాని అది మాట్లాడిన భాషలోని ఉపాయం మీరు తెలుసుకోదగ్గది.

1825 ఫిబ్రవరిలో శామ్యూల్ మోర్స్ అనే అమెరికన్ చిత్రకారుడు వాషింగ్టన్‌లో ఒక చిత్రపటం వేసే పనిమీద ఉన్నాడు. దూరాన న్యూహేవెన్‌లో అతని భార్య హఠాత్తుగా మరణించింది. ఆ కబురు ఉత్తరంగా వచ్చింది. మోర్స్ ఇల్లు చేరేసరికి ఆమెను సమాధి చేయడం కూడా అయిపోయింది! ఈ దుఃఖమే టెలిగ్రాఫుకు కారణమని చెప్పలేం. కాని కబురు ఆలస్యమైతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

1832లో ఓడ ప్రయాణంలో మోర్స్ విద్యుదయస్కాంతం గురించి విన్నాడు. మెత్తని ఇనుము చుట్టూ తీగ చుట్టి విద్యుత్తు పంపితే అది అయస్కాంతమవుతుంది. విద్యుత్తు ఆపితే ఆ గుణం పోతుంది. మీరూ మేకుతో ఈ ప్రయోగం చేసే ఉంటారు. ఇక్కడ మీట నొక్కితే, తీగ చివర దూరాన ఉన్న అయస్కాంతం ఒక ఇనుప ముక్కను లాగుతుంది. మీట వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి తీసుకుంటుంది. కాసేపు నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత.

మరి ఏ అక్షరానికి ఏ గుర్తు? ఇక్కడే ఉంది తెలివి. ఇంగ్లీషులో అన్ని అక్షరాలూ సమానంగా రావు. అచ్చాఫీసులో పేర్చిన అచ్చుల లెక్క చూస్తే 12,000 ‘ఈ’ అక్షరాలకు ‘జెడ్’లు 200 మాత్రమే! అందుకే ‘ఈ’కి ఒక్క చుక్క, ‘టీ’కి ఒక్క గీత ఇచ్చారు. ఈ పనిలో మోర్స్‌కు ఆల్‌ఫ్రెడ్ వెయిల్ తోడ్పడ్డాడు.

తరువాత వచ్చిన అంతర్జాతీయ సంకేతంలో ‘క్యూ’కు గీత, గీత, చుక్క, గీత. చుక్కకు ఒక పాలు కాలం, గీతకు మూడు పాళ్ళు, గుర్తుల మధ్య విరామానికి ఒక పాలు. లెక్క కట్టండి: ‘క్యూ’కు 13 పాళ్ళు, ‘ఈ’కి ఒక్కటే! ఈ రెండూ తారుమారైతే ప్రతి ‘ఈ’కీ 12 పాళ్ళ కాలం వృథా అయ్యేది.

1844 మే 24న వాషింగ్టన్ నుంచి సుమారు 64 కిలోమీటర్ల దూరంలోని బాల్టిమోర్‌కు తీగమీద వార్త వెళ్ళింది. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు అన్న ఈ సూత్రాన్నే నేటి కంప్యూటర్లు సమాచారాన్ని కుదించడానికి వాడుతున్నాయి.

ఇప్పుడు మీ వంతు. మీ తెలుగు వాచకంలో ఒక పేజీ తీసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. గుణింతాలను, ఒత్తులను ఎలా లెక్కిస్తారో ముందే నిర్ణయించుకోండి. తెలుగుకు మీరే సంకేతలిపి తయారుచేస్తే, ఆ ఒక్క చుక్క ఏ అక్షరానికి ఇస్తారు?