మద్యపానము - మూలకణములు



మద్యపానమును మానుడని మనము చెప్పినప్పుడెల్ల చదువుకొన్న మిత్రులు కొందఱు ఇట్లు బదులు చెప్పుచుందురు: "మితముగా పుచ్చుకొన్నచో నేమి నష్టము? కలిగిన నష్టమును దేహము తానే సరిచేసికొనును గదా!" ఈ వాదమును త్రోసిపుచ్చుటకు ముందు, న్యాయస్థానమున ప్రతివాది మాటను వినునట్లు దీనిని వినవలెను. ఇందు సగము సత్యము గలదు.

దేహము తన్ను తాను సరిచేసికొనుట నిజమే. మన రక్తములోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు మాత్రమే జీవించును. ప్రేగుల లోపలిపొర కొలదిదినములకే క్రొత్తదగును. ఈ నిత్యనిర్మాణమునకు ఆధారము మూలకణములు. ఎముకల మూలుగయందు రక్తమును పుట్టించు మూలకణములు గలవని సూచించు ప్రయోగములను 1961వ సంవత్సరమున టొరంటో నగరమందు టిల్, మెక్కలక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇట్టి కణమును మూలపత్రముతో పోల్చవచ్చును. నకలులో తప్పు దొర్లినచో ఆ నకలును చింపివేయవచ్చును. మూలపత్రమందే అక్షరము చెడినచో, దానినుండి వ్రాయబడు ప్రతి నకలునందును ఆ తప్పే వచ్చును.

మద్యము ఈ మూలపత్రమును ఎట్లు తాకును? త్రాగిన ఆల్కహాలు ముఖ్యముగా కాలేయమున అసిటాల్డిహైడు అను విషముగా మారును. దానిని నిరపాయమైన పదార్థముగా మార్చు ఎంజైము మొదటి కావలి. దానిని తప్పించుకొన్న విషము కణములలోని డి.ఎన్.ఏ.ను చెఱచును, అట్లు చెడిన దానిని మరమ్మతుచేయు కణయంత్రాంగము రెండవ కావలి. 2018వ సంవత్సరమున కేంబ్రిడ్జి నగరమందు కేతన్ పటేల్ మొదలగువారు చుంచెలుకలపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. మొదటి కావలి లేని ఎలుకలకు ఆల్కహాలు నిచ్చినప్పుడు, ఆ కావలి గలవానికంటె సుమారు నాలుగురెట్లు డి.ఎన్.ఏ. నష్టము కనబడెను. రెండు కావళ్లును లేని ఎలుకలలో రక్తమూలకణముల క్రోమోజోములు తెగి, క్రమము తప్పి అతుకుకొనియుండెను. తూర్పు ఆసియా జనులలో అనేకులకు ఈ మొదటి కావలి పుట్టుకతోనే దుర్బలము.

ఎలుకలపై సాక్ష్యముతోనే మనుష్యునిపై తీర్పు చెప్పరాదని ప్రతివాది యనవచ్చును. న్యాయమే. కాని మనుష్యుల సాక్ష్యము వేఱుగా నున్నది. మద్యపానీయములు మనుష్యులకు క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ధారించెను. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల స్తనములు ఈ హానికి గురియగు స్థానములు. ఆరోగ్యమునకు హానిలేని మద్యపు మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను. కావున మితపానవాదము నిలువదు; సరిచేయవలసిన పనివాడే గాయపడుచుండగా, సరిచేసికొనునను భరోసా యెక్కడిది?

అయినను త్రాగువారిని నిరాశపఱచుట మన ధర్మముకాదు. మద్యమువలన కాలేయమున చేరిన క్రొవ్వు, మానిన కొలదివారములలోనే చాలవఱకు తగ్గును. అతిగా త్రాగువారి రక్తమున తగ్గిన ప్లేట్‌లెట్లు, మానినపిదప తఱచుగా మరల పెరుగును. కాని కాలేయము గట్టిపడి ముదిరినపిమ్మట, మూలకణమున అక్షరము మారినపిమ్మట, పూర్వస్థితి దుర్లభము. ఆలస్యమైనకొలది బాకీ పెరుగును. నేడు మానిన వానికి నేటివఱకే బాకీ.

రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మద్యపాన నిషేధమును బోధించిన దినములలో ఈ సాక్ష్యము లేదు. అంతరాత్మ సాక్ష్యము మాత్రమే యుండెను. నేడు రెండును ఒకేమాట చెప్పుచున్నవి. దేహము పరమేశ్వరుడు మనకు నప్పగించిన సొత్తు. మనము దానికి ధర్మకర్తలమే గాని యజమానులము కాము. త్రాగుడు మాన యత్నించుచున్న సోదరుని చూచి నవ్వకుడు. వైద్యుని యొద్దకు అతనికి తోడుగా పొండు. అకస్మాత్తుగా మానుట చిరకాలము అతిగా త్రాగినవారికి ప్రాణాపాయము కావచ్చును గనుక, ఆ తోడు అత్యవసరము.