రంగూను రేవులో తొలి చూపు, మలి చూపు

విద్యార్థులారా!

క్రొత్త ఊరికి పోయినవాడు తొలిదినమున చూచినదానిని జన్మమంతయు మరువడు. పదియేండ్లు కాపురమున్నవాని కంటబడని వింతలు వానికి మొదటి గడియలోనే కంటబడును. కాని ఆ గడియలోనే వాడు మిక్కిలి పొరపడుటయు కలదు. కంటికి ఇంపైనదానిని చూచి, ఇదియే ఊరనుకొనును. ఆ ఊరిని తన భుజములపై మోయుచున్న వారిని చూడడు. ఈ సంగతిని ఒక మహానగరము దృష్టాంతముగా మీకు వివరింపదలచితిమి. ఆ నగరము బర్మాదేశమునందలి రంగూను. 1989 నుండి దానిని యాంగూన్ అనియు, దేశమును మయన్మార్ అనియు వ్యవహరించుచున్నారు. మనము చెప్పుకొను కాలమున వాడుకలోనున్న పేర్లనే ఈ పాఠమున వాడుచున్నాము.

రంగూనునే ఏల ఎన్నుకొంటిమని మీరు అడుగవచ్చును. ఆగ్నేయాసియా నగరములలో తెలుగువారు కూలిపనికై వేలకొలదిగా సముద్రము దాటి చేరిన నగరమది. బొగ్గుగనుల పనికై తెలుగు కుటుంబములు వచ్చి నిలిచిన మన మాజ్రికి ఆ కథ పరాయిది కాదు.

1925 ప్రాంతమున గోదావరి మండలపు పడుచువాడొకడు కాకినాడ రేవున పొగయోడ నెక్కెననుకొందము. అతడు మన కల్పన. అతడు చూడబోవు నగరము కల్పన కాదు. ఆ దినములలో కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలు బంగాళాఖాతము దాటి రంగూనునకు పోవుచుండెను. బీదలు డెక్కుమీద, మూట తలక్రింద పెట్టుకొని, ఎండకును వానకును ఓర్చి ప్రయాణము చేయుచుండిరి. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. కావున సముద్రము దాటినను అది పరదేశము కాకుండెను.

తీరము చేరువగుకొలది నీలివన్నె పోయి నీరు బురదరంగు నొందును. నదులు తెచ్చిన ఒండ్రు దానికి కారణము. రంగూను సముద్రపుటొడ్డున లేదు. నదిలో సుమారు 20 మైళ్లు లోనికి పోవలెను. ఓడ నదిలో కొంతదూరము పోవునప్పటికి చెట్ల కొనలకు పైన ఒక బంగారు శిఖరము తళతళలాడుచు కనబడును. అది ష్వేడగోన్ పగోడా. గుట్టమీద నిలిచిన ఈ స్తూపము ఎత్తు ఇంచుమించు 326 అడుగులు. పైభాగమంతయు బంగారు రేకుల తొడుగు. బుద్ధుని కేశములు అందు నిక్షిప్తములై యున్నవని బర్మీయుల విశ్వాసము. దాని దరికి పోవువాడు, ఎంతటివాడైనను, చెప్పులు విడువవలసినదే.

ఓడ రేవు చేరును. నదినిండ పడవలు, ఒడ్డున బియ్యపు మిల్లుల పొగగొట్టములు. వీధులలోనికి పోయిన పడుచువానికి విద్యుత్తు ట్రాములు, గుఱ్ఱపుబండ్లు, మనుజులు లాగు రిక్షాలు ఎదురగును. పురుషులును స్త్రీలును లుంగీవంటి వస్త్రమునే కట్టుదురు. స్త్రీలు ఒక చెట్టు బెరడును సానపై అరగదీసి, ఆ గంధమును చెక్కిళ్లకు పూసికొందురు; దాని పేరు తనఖా. అంగళ్లలో బేరము చేయువారిలో పెక్కుమంది స్త్రీలే. ఉదయమున భిక్షువులు పాత్రలు పట్టుకొని వరుసగా మౌనముగా నడచుచుందురు.

వీధులు చదరంగపు బల్లవలె తీర్చియుండుట చూచి అతడు అచ్చెరువొందును. 1852లో బ్రిటిషువారు రంగూనును పట్టుకొనిన పిమ్మట నగరమును క్రొత్తగా గీచి కట్టిరి. నదికి సమాంతరముగా వెడల్పైన రాజవీధులు. వానిని అడ్డముగా ఖండించు సన్నవీధులు. సన్నవీధులలో చాలవానిని అంకెలతోనే పిలిచెదరు. నడుమ సూలే పగోడా. దానికి కూతవేటు దూరములోనే మసీదును, క్రైస్తవుల ప్రార్థనామందిరమును కలవు. హిందువుల కోవెలలకును ఆ నగరమున కొదువ లేదు.

అంగళ్లపై వ్రాతను చూచి అతడు ఒక క్షణము భ్రమపడును. అక్షరములు గుండ్రముగా, మన తెలుగు అక్షరములకు దాయాదులవలె నుండును. చదువబోయిన ఒక్కటియు రాదు. బర్మా లిపియు, తెలుగు లిపియు దక్షిణభారతమున పెరిగిన బ్రాహ్మీ లిపి శాఖలకు చెందినవే. తాటాకుపై గంటముతో అడ్డగీతలు గీచిన ఆకు చీలును గనుక అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు. చుట్టరికము కంటికి తెలియుచున్నను నాలుకకు అందకుండుట క్రొత్త ఊరిలో అడుగిడినవాని మొదటి కష్టము.

ఇంతవరకు చెప్పినది తొలి చూపు. ఏ యాత్రికుడైనను ఇది వ్రాయగలడు. ఇప్పుడు మలి చూపు.

మన పడుచువాడు తిరిగి రేవునకు వచ్చును. ఓడలకు బియ్యపు బస్తాలు ఎక్కించువారు నడుము వంచి బారులుగా పోవుచుందురు. వారి కేకలు చెవిని బడును. అది తెలుగు! మిల్లులో ధాన్యము మోయువాని నోట తెలుగు. రిక్షా లాగువాని నోట తెలుగు. నగరమున తాను చదువలేని వ్రాత అంగళ్లమీద నున్నది. తనకు తెలిసిన మాట బరువుల క్రింద నున్నది. ఆ మహానగరమున తెలుగు వినబడు తావులలో ముఖ్యమైనది మూటక్రిందనే.

బర్మాలో ఈ తెలుగువారిని ‘కోరంగీలు’ అనుచుండిరి. గోదావరి సముద్రమున గలియు ప్రాంతమున, యానాము చెంత, కోరంగి అను రేవుండెను. ఓడల నిర్మాణమునకు అది పేరు పడినది. 1839లో వచ్చిన పెనుతుఫాను ఆ రేవును నాశనము చేసెను. రేవు పోయినను దాని పేరు సముద్రము దాటి, ఒక జాతి జనులకే పేరై నిలిచెను. శ్రీకాకుళమునుండి వచ్చినవాడును అక్కడ కోరంగీయే. పరులు పెట్టిన పేరు అట్లే యుండును. అది మన ఊరు అడుగదు, మన మూట చూచి పిలుచును.

ఇంతమంది తెలుగువారు అక్కడికి ఏల పోయిరి? 1869లో సూయెజు కాలువ తెరచిన తరువాత తూర్పుదేశముల బియ్యము ఐరోపాకు పోవుట సులభమయ్యెను. ఐరావతి నది డెల్టాలోని అడవులు కొట్టి వరిపొలములు చేసిరి. పంట పెరుగగా మిల్లులు పెరిగెను, ఓడలు పెరిగెను, మోయు చేతులు కావలసివచ్చెను. 1920ల చివర ఏటా 4 లక్షలకు పైగా జనులు ఇండియానుండి బర్మాకు వచ్చుచుండిరి. అందు పెక్కుమంది కొంతకాలము పనిచేసి మరలిపోవువారు. 1931 జనాభా లెక్కలలో బర్మాయందు తెలుగువారు లక్షన్నరకు పైగా నుండిరి.

కూలివానికిని పనికిని నడుమ మేస్త్రి యుండెను. ఓడఖర్చు ముందుగా నిచ్చువాడు మేస్త్రి. పని చూపువాడును మేస్త్రి. కూలిలోనుండి అప్పు కోసికొనువాడును మేస్త్రియే. ఓడ దిగకముందే కూలివాడు ఋణగ్రస్తుడు. రాత్రి నిద్రకు ఇరుకు గదులు. ఒక గదిలో కాళ్లు చాపుటకు చోటు లేనంతమంది. రంగూను ఐశ్వర్యమునకు ఇదియొక పునాది.

బర్మీయుల వైపునుండియు చూచుట న్యాయము. 1931లో రంగూను జనసంఖ్య సుమారు 4,00,000. అందు సగమునకు మించినవారు భారతీయులు. తమ దేశపు ముఖ్యనగరమున తామే అల్పసంఖ్యాకులైరని వారికి నొవ్వు కలిగెను. తప్పు కూలివానిది కాదు, బర్మీయునిదియు కాదు. పనిచేయించువారికి చవుకగా చేతులు దొరకిన చాలును. 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారు కూలి పెంపునకై సమ్మె చేసిరి. యజమానులు వారికి మారుగా బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరి పాతవారు పనికి రాగా, బర్మీయులను పొమ్మనిరి. ఆకలిగొన్న ఇరువర్గములు రేవున ఎదురుపడెను. కొట్లాటలు నగరమెల్ల వ్యాపించెను. వందమందికి పైగా మరణించిరి. మృతులలో అధికులు భారతీయులు. ఒకరి బాధ నొకరు ఎరుగనిచోట ఇట్టి విపత్తు పుట్టునని మనము నేర్వవలసియున్నది.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరుపడెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. ఓడలు దొరకనివారు కొండలు, అడవులు దాటి నడచి స్వదేశమునకు బయలుదేరిరి. అట్లు బర్మా విడిచిన భారతీయులు లక్షలసంఖ్యలో నుండిరి. దారిలో ఆకలిచేతను, రోగములచేతను కూలినవారు వేలకొలది. 1962లో సైనికప్రభుత్వము వచ్చిన తరువాత 1964లో అంగళ్లు, వర్తకములు జాతీయము చేయబడగా మరల లక్షలమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో ‘బర్మా క్యాంపు’ అను పేట ఆ రాకకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది.

అందరును తిరిగిరాలేదు. ఈనాడును బర్మాలో తెలుగు కుటుంబములు కలవు. వారు తమ వేల్పులను కొలుచుచున్నారు, పండుగలు చేయుచున్నారు. కాని పిల్లలలో అనేకులకు తెలుగు మాటాడుట రాదు. చదువువారు మరియు తక్కువ. తాతల భాషను తిరిగి నేర్పుటకు అక్కడి పెద్దలు పూనుకొనిరి. బడి తప్పినచోట భాష ఇంటిలో కొన్నాళ్లు బ్రదుకును. తరువాత పాటలోను, మ్రొక్కులోను మాత్రము మిగులును.

తల్లిదండ్రులారా! ఈ పాఠమును మన ఊరికి అన్వయించి చూడుడు. మాజ్రి జంక్షను ఉత్తరమునుండి బల్లార్షాకు పోవు రైలుమార్గమున, ఆదిలాబాదు వైపు దారి చీలుచోట నున్నది. ఇక్కడ దిగిన తెలుగువానికి మొదట కనబడునది దేవనాగరి అక్షరము. చెవినబడునది మరాఠీ మాట. సముద్రము దాటకపోయినను అతడును యాత్రికుడే. ఊరు పేరు చదువుటకు పక్కవానిని అడిగిన ఆ దినమును మీలో కొందరు మరువలేదని తలచుచున్నాము. మన భాగ్యమేమన, రంగూను కూలివానికి లేనిది మన పిల్లలకు కలదు: తెలుగులో చదువు చెప్పు బడి. పొరుగువాని భాష నేర్చుకొనుట మన భాషను విడుచుట కాదు. మరాఠీ వచ్చినవాడు బజారున మోసపోడు, పొరుగువాని సుఖదుఃఖములు వినగలడు. తెలుగు వచ్చినవాడు తాత వ్రాసిన ఉత్తరము చదువగలడు. రెండును కావలెను.

విద్యార్థులారా! మీకు ఒక పని చెప్పుచున్నాము. ఈ రాత్రి భోజనమైన పిమ్మట మీ ఇంటి పెద్దవారిని, తాతగారినైనను, నాయనమ్మగారినైనను, అమ్మమ్మగారినైనను అడుగుడు: మాజ్రికి వచ్చిన తొలిదినమున ఏమి చూచితిరి? మొదట ఏ మాట అర్థము కాలేదు? మొదట అన్నము పెట్టినవారెవరు? వారు చెప్పినది వారి మాటలలోనే, సొగసులు చేర్పక, వ్రాయుడు. రంగూనులో బస్తాలు మోసిన మన పడుచువానివంటివారు వేలమంది యుండిరి. తాము చూచినదానిని వ్రాసి ఉంచుటకు వారిలో మిక్కిలి కొందరికే అక్షరము వచ్చును. మీకు వచ్చును.