లోతు నీళ్ళలో గాలం: గుండు లెక్క



మనలో చాలామందిమి ఏటి ఒడ్డు ఊర్ల నుండి వచ్చినవాళ్ళమే. గాలం వేసుడు మనకు బడిలో ఎవరూ నేర్పలేదు, ఇంట్లోనే వచ్చింది. కాని ఈ ఏడు 'తేలియాడే వస్తువులు' పాఠం చదివినంక గాలానికి కట్టే గుండులో కూడా సైన్సు ఉందని నాకు తెలిసింది. అది అందరి కోసం రాస్తున్నాను.

గుండు ఎందుకు?

వాలుగ, జెల్ల వంటి చేపలు నీటి అడుగున తిరుగుతాయి. గుండు లేకుండా గాలం వేస్తే అది మెల్లగా దిగుతుంది. అడుగుకు చేరకముందే చిన్న చేపలు ఎర్రను కొరుక్కొని పోతాయి. అందుకే గాలానికి జానెడు పైన తంగూసుకు గుండు కడతారు.

లోతుకు బరువు పెంచాలా?

లోతు పెరిగితే నీళ్ళు గుండును ఇంకా ఎక్కువ పైకి నెడతాయని కొందరు అంటరు. అది నిజం కాదు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం వస్తువు ఎంత నీటిని పక్కకు జరుపుతుందో అంత నీటి బరువే దాన్ని పైకి నెడుతుంది. 2 మీటర్ల లోతులోనైనా, 10 మీటర్ల లోతులోనైనా ఆ బలం దాదాపు ఒక్కటే. బరువు ఎక్కువ కావలసింది ప్రవాహానికి. లోతు పెరిగితే తంగూసు పొడుగైతది, పారే నీళ్ళు దాన్ని గుంజుకపోతాయి.

మన కాళేశ్వరంలో రెండు రకాల నీళ్ళూ చూశాము. ఇక్కడ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. 2019లో కింద మేడిగడ్డ బ్యారేజీ మొదలైనంక నీళ్ళు ఆపినప్పుడు ఇక్కడ చెరువు లెక్క నిలిచేవి. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగినాయి, నీళ్ళు వదిలేశారు. నిలిచిన నీళ్ళకు చిన్న గుండు చాలు, పారే నీళ్ళకు పెద్దది కావాలి.

సీసమా, ఇనుమా, రాయా?

సీసం నీటికంటే 11.3 రెట్లు, ఇనుము 7.8 రెట్లు, మామూలు రాయి సుమారు 2.6 రెట్లు బరువు. 100 గ్రాముల సీసం నీళ్ళలో 91 గ్రాములు తూగుతుంది. 100 గ్రాముల ఇనుము 87 గ్రాములు, రాయి 62 గ్రాములే తూగుతాయి. అంటే 100 గ్రాముల సీసానికి బదులు 105 గ్రాముల ఇనుము, లేదా 150 గ్రాముల రాయి కట్టాలి. రాయి పెద్దగా ఉంటది కాబట్టి ప్రవాహం దాన్ని ఎక్కువ నెడుతుంది. నిలిచిన నీళ్ళలో రాయి కూడా మంచిదే.

జాగ్రత్త!

సీసం మెత్తన. అందుకని మా ఊర్లో చాలామంది చిన్న సీసపు గుండును పండ్లతో కొరికి తంగూసుకు బిగిస్తరు. పిల్లలు నోట్లో పెట్టుకొని ఆడుతరు. మా తమ్ముడు కూడా అట్లనే చేస్తడు. సీసం విషం. కొంచెం కొంచెం ఒంట్లోకి పోయినా పిల్లల మెదడుకు హాని చేస్తుంది, చదువు తలకెక్కదు. బ్రిటన్‌లో చిన్న సీసపు గుండ్లను హంసలు గులకరాళ్ళనుకొని మింగి చనిపోయేవి. అందుకని 1987లో అక్కడ వాటి అమ్మకం ఆపినారు.

సీసానికి, ఇనుముకు తేడా 5 గ్రాములే కదా! పాత ఇనుప నట్టు తీసుకోండి. దానికి రంధ్రం ఉండనే ఉంటది, తంగూసు దూర్చి ముడి వేస్తే చాలు. సీసమే వాడితే పట్టకారుతో నొక్కండి, అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

నమ్మకం కుదరకపోతే స్ప్రింగ్ త్రాసుకు ఒక నట్టును కట్టి ముందు గాలిలో, తర్వాత బకెట్ నీళ్ళలో తూచి చూడండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ లెక్క చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని