బట్ట తిరగేసి చూపించు తల్లీ

బుజ్జీ, ఆఫీసు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా కొరియర్ కవర్లు అంటిస్తూ కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచీ, వేళకి తింటున్నావో లేదో అని మీ పెద్దమ్మకి ఒకటే బెంగ.

మన కలంకారీ అమ్మడానికి తీసి నువ్వు పంపిన రీలు చూశాను. మెట్రోలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోను తోసేసుకుంటూ పోయే పిల్లని అర నిమిషం ఆపాలంటే చాలా నేర్పు కావాలి. అది నీకు అబ్బిందని పెడనలో కనపడిన వాళ్ళందరికీ చూపిస్తున్నాను. అయితే తల్లీ, దుపట్టా మెరుస్తూ వచ్చింది గానీ అద్దకం రాలేదు. పాత ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళలో టేకు అచ్చు అద్ది, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పెట్టి, గుప్పిటతో ఒక్కటి చరిస్తే, తేలిగ్గా పడిన ఆ గీత నీ కళ్ళ ముందే నల్లగా తిరుగుతుందే, అది తియ్యి. ఆ చప్పుడు అలాగే ఉంచు, దాని మీద సినిమా పాట పెట్టకు. తెనాలి దగ్గర గుడివాడలో, మన గుడివాడ కాదులే, నూరేళ్ళు దాటిన మస్తానమ్మగారు పొలంగట్టున పుచ్చకాయలో కోడికూర వండుతుంటే లోకమంతా ఫోనుల్లో చూసింది, ఆవిడేమీ హడావిడి పడలేదు.

మీ తాతయ్య దుప్పట్ల మూట భుజాన వేసుకుని గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక దాకా ఇల్లిల్లూ తిరిగేవారు. అరుగు మీద దుప్పటి పరిచి, ఆ ఇంటావిడ అడక్కముందే తిరగేసి, అచ్చుకీ అచ్చుకీ అతుకు సరిగ్గా కలవని చోట వేలు పెట్టి "ఇదుగోనమ్మా, ఇక్కడ జరిగింది" అని చెప్పేవారు. ఆ మాట విన్నాక వద్దన్న ఇల్లు నేను చూడలేదు. కొనేవాళ్ళ మొహం చూడకుండా అమ్మడం కూడా మనవాళ్ళకి కొత్త కాదు. 1605లో డచ్చివాళ్ళూ 1611లో ఇంగ్లీషువాళ్ళూ బందరులో దిగింది ఈ ప్రాంతపు బట్ట కోసమే కదా. ఇప్పుడు స్క్రీన్ మీద ముద్రించిందీ కలంకారీ పేరుతోనే అమ్ముడుపోతోంది. అదీ కూలి దొరికే పనే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ దాన్ని చేతి అద్దకమని చెప్పడం మాత్రం దగా. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు ఉన్నది అందుకే. నీ వీడియోలో ఆ అతుకు చూపించు, సహజరంగు ఒక్కో కాగుకీ ఒక్కోలా వస్తుందని కూడా ముందే చెప్పు. పట్నం వాళ్ళకి తీరిక లేదు గానీ, నిజం చెబితే అర్థం చేసుకోని వాళ్ళేం కాదు.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే కొనేవాళ్ళని కూడగట్టుకున్న వాళ్ళకి తెల్లారేసరికి ఎవరికి ఫోను చెయ్యాలో తెలియలేదు. అందుకని కొన్నవాళ్ళ పేర్లూ నంబర్లూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకో.

ముసురు పడితే గుడ్డ ఆరదు, కాలవలో నీళ్ళు లేకపోతే జాడించడం కుదరదు, నీకేమో ఆర్డర్లు ఆగవు. అప్పుడు పనివాళ్ళని తొందరపెట్టకు, ఆలస్యమవుతుందని కొన్నవాళ్ళకే చెప్పు. చిన్నప్పుడు చలివిడి చేస్తే ముందు అచ్చులు కొట్టే తాతకి పెట్టి తర్వాత నువ్వు తినేదానివి, ఆ గుణం నీలో ఎక్కడికీ పోలేదని నాకు తెలుసు. దసరాకి వచ్చినప్పుడు అద్దే వాళ్ళ చేతులే తీసి ఊరుకోకుండా, వాళ్ళని అడిగి, సరేనంటే మొహం కూడా తియ్యి, వీడియో కింద వాళ్ళ పేరు రాయి. పెట్టేముందు వాళ్ళ ఫోనుకి పంపించి, ఇంట్లోవాళ్ళు చూశాకే లోకానికి చూపించు.

ఇట్లు
మీ పెదనాన్న, పెడన