టక్‌మంటే నడుం బాగైనట్టేనా?

ప్రశ్న: సార్, మాది బోధన్ దగ్గర పల్లె. ఏండ్ల తరబడి చెరుకు కొట్టి, మోపులు లారీలకెత్తిన. ఇప్పుడు వంగి లేస్తే నడుం పట్టేస్తున్నది. నిజామాబాద్‌ల ఒకాయన వెన్ను నొక్కితే టక్‌మని చప్పుడొచ్చి హాయిగ అనిపించింది. రెండు మూడు రోజులకు మళ్లీ అదే నొప్పి. ఎముక మళ్లీ జరిగిందా?

జవాబు: ఎముక జరగలేదు. ఆ చప్పుడు కీలులోని ద్రవంలో ఏర్పడే వాయు బుడగది. హాయి మాత్రం నిజమే. వెన్నుపూసల చుట్టూ ఉన్న కండరాల నుంచి నాడులు ఒక్కసారిగా మెదడుకు కబురు పంపుతాయి, బిగుసుకున్నది వదులవుతుంది. కానీ ఆ మార్పు కొద్దికాలమే.

అసలు లోటు మరోచోట ఉంది. ఆరోగ్యవంతుడు చెయ్యి ఎత్తేలోపే పొట్ట లోపలి కండరం బిగిసి వెన్నును కాస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యంగా బిగుస్తుందని 1996లో ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, కరొలిన్ రిచర్డ్‌సన్ చూపించారు. ఆ కండరాన్ని నడిపే మెదడు భాగం కూడా కాస్త పక్కకు జరుగుతుందట. రెండు వారాల ప్రత్యేక సాధనతో అది తిరిగి సర్దుకుందనీ, ఉత్త నడకతో సర్దుకోలేదనీ 2010లో హాడ్జెస్ బృందమే చెప్పింది. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే మాట ఇదే.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ఎముకల లోపలి పక్కన వేళ్లు ఆనించి, బొడ్డు కింది పొట్టను మెల్లగా లోపలికి లాగండి. వేళ్ల కింద మెత్తగా బిగిసినట్టు తెలియాలి. గట్టిగా పొంగితే ఎక్కువ లాగినట్టే. ఊపిరి బిగబట్టకుండా పది లెక్కపెట్టి వదలండి. ఇది పట్టుబడ్డాక నిలబడి చేయండి, ఆ తర్వాతే నీళ్ల బిందె ఎత్తేటప్పుడు. బోధన్‌లోని నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడినా మన దగ్గర వంగి చేసే పని ఏమీ తగ్గలేదు కదా, ఈ సాధన పొలం దాకా రావాలి. శిక్షణ పొందినవాళ్లతో వెన్ను నొక్కించుకోవచ్చు. నొప్పి తగ్గిన ఆ రోజే సాధన మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అమ్మ బీడీలు చుడుతుంది. మెడ పట్టేస్తే విరిపించవచ్చా?

జవాబు: వద్దమ్మా. మెడను గబుక్కున తిప్పితే అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. కటింగ్ షాపుల్లో విరిపించుకునే మగవాళ్లకూ ఇదే మాట. చాట పక్కన పెట్టి అప్పుడప్పుడూ లేవమనండి, భుజాలు వెనక్కి తిప్పమనండి.

ఇద్దరికీ ఒక మాట. కాలు బలం తగ్గినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా ఎవరితోనూ నొక్కించుకోకండి. ఆ రోజే నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి వెళ్లండి.