ముందు గోడ, తర్వాతే బోర్డు

సిరిసిల్ల

అల్లుడూ,

సూరత్‌లో, అదీ లింబాయత్‌లో, కంప్యూటర్ రిపేరు దుకాణం తెరిచినవాడికి గిరాకీ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మరమగ్గాల వెంట పోయి స్థిరపడ్డ మనవాళ్లు, కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బళ్లలో చదివిన వాళ్ల పిల్లలు, చీరలకు ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసేవాళ్లు. సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టి అందరూ అనేది ఒకటే మాట: "కరెంటు ఎక్కువొచ్చింది, బోర్డు పోయినట్టుంది." ఆ మాటలో మొదటి సగం నమ్ము. రెండో సగం మీటరు చెప్పాలి.

స్క్రూడ్రైవర్ పట్టకముందే పక్కిళ్ల సంగతి అడుగు. ఆ సమయానికి కొన్ని ఇళ్లలో బల్బులు కళ్లు చెదిరేలా వెలిగి, మరికొన్నింట్లో గుడ్డిగా మారాయా? అయితే అది పిడుగు కాదు, న్యూట్రల్ తెగింది. మగ్గాల షెడ్లున్న వీధుల్లో మూడు ఫేజుల మీదా లోడు సమంగా ఉండటం అరుదు. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ఆ తేడా ఎవరికీ తెలియదు. ఎక్కడో ఒక స్క్రూ వదులై అది తెగిందంటే, లోడు ఎక్కువున్న ఫేజు కుంగుతుంది, తక్కువున్నది లేస్తుంది. 230 వోల్టులు ఉండాల్సిన ఇంట్లో 400 దాకా రావచ్చు. పిడుగు దెబ్బ మైక్రోసెకన్లలో అయిపోతుంది. ఇది ఎవరో మెయిన్ దించేదాకా కొడుతూనే ఉంటుంది.

దెబ్బ తగిలే చోటు కూడా దాన్నిబట్టే ఉంటుంది. 230 వోల్టుల ఏసీ గరిష్ఠంగా 325 దాకా పోతుంది. అదే 400 అయితే 565 దాటుతుంది. సీపీయూకి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో మేన్స్ వైపు పెద్ద కెపాసిటర్ మామూలుగా 400 లేదా 450 వోల్టులది, లేకుంటే 200 వోల్టులవి రెండు. అవి ఉబ్బుతాయి, పగులుతాయి. ఫ్యూజు దగ్గర బిళ్లలా ఉండే వేరిస్టర్ తాను షార్టయి, ఫ్యూజు కొట్టించి, మిగతాదాన్ని కాపాడాలి. చవక ఎస్‌ఎంపీఎస్‌లు చాలావాటిలో దాని చోటు ఖాళీ! ఆ పది రూపాయల ముక్క దగ్గర మిగుల్చుకునేవాళ్లని ఏమనాలి?

ఫ్యూజు గాజు లోపల నల్లగా గానీ, వెండిపూత పూసినట్టు గానీ ఉంటే లోపల పూర్తి షార్టు ఉన్నట్టు. తీగ మధ్యలో మెత్తగా తెగి ఉంటే అంత ఘోరం కాకపోవచ్చు. ఏదైనా సరే, కొత్త ఫ్యూజు వేసి నేరుగా ప్లగ్గు పెట్టకు, ఫ్యూజు బదులు రాగితీగ అసలే చుట్టకు. 60 లేదా 100 వాట్ల పాత రకం బల్బుతో సీరీస్ బోర్డు పెట్టుకో. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే షార్టు లేదు. నిండుగా వెలుగుతూ ఉండిపోతే ఉంది. ప్లగ్గు తీసేశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టు.

తర్వాత ఊదారంగు తీగ. ప్లగ్గు పెట్టగానే, సీపీయూ బటన్ నొక్కకుండానే, దాని మీద 5 వోల్టులు రావాలి. "ఆఫ్ చేసే ఉంది, ఎట్లా పోయింది?" అని గిరాకీ వాదిస్తాడు. గోడ స్విచ్చు వేసి ఉన్నంతసేపు ఈ స్టాండ్‌బై కరెంటు బోర్డులో తిరుగుతూనే ఉంటుంది, అట్లా పోయింది. అది ఉంటే, ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి విడదీసి, ఆకుపచ్చ తీగను నల్లదానికి కలిపి నడిపించు. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎర్రదాని మీద 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. ఆ ఎస్‌ఎంపీఎస్ పాసయ్యేదాకా గిరాకీ బోర్డుకు తగిలించకు. అలాగే బోర్డులో 12 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మీటరు సున్నా ఓంలు చూపిస్తే, దానికి నీ దుకాణంలోని మంచి ఎస్‌ఎంపీఎస్ ఇవ్వకు. ప్రాసెసర్ కోర్ వోల్టేజి దగ్గర మాత్రం బీప్ విని కంగారుపడకు, అక్కడ ఓంలు మామూలుగానే బాగా తక్కువ.

ఎస్‌ఎంపీఎస్ నిక్షేపంగా ఉండి, లాన్ పోర్టు లైట్లు వెలగకుండా, ఆ చిప్పు చేయి పెట్టలేనంత వేడెక్కుతోందా? అప్పుడు పిడుగునే అనుమానించు. డాబాల మీదుగా లాగిన బ్రాడ్‌బ్యాండు తీగ దానికి దారి.

హార్డ్ డిస్కు దగ్గర తొందర వద్దు. ఆ డిజైన్ ఫైళ్ల ముందు మిగతా మిషను ఖరీదు లెక్కలోది కాదు. డిస్కు తిరగకపోతే ముందు దాని చిన్న బోర్డు మీద 5, 12 వోల్టుల దారుల్లోని టీవీఎస్ డయోడ్లు కొలువు. దెబ్బను అవి మింగి షార్టవుతాయి, డేటా చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. అదే మోడల్ డిస్కు బోర్డు తెచ్చి మార్చేస్తే సరిపోతుందనుకోకు. ఆ డిస్కుకు మాత్రమే చెందిన వివరాలు పాత బోర్డు మీది రోమ్ చిప్పులో ఉంటాయి. దాన్ని కొత్తదానికి మార్చాలి. చేయి తిరగకుంటే డేటా రికవరీ వాళ్లకు పంపు.

రిపేరైన సీపీయూని అప్పగించేటప్పుడు మీటరు పట్టుకుని వాళ్లింటికి నువ్వే పో. సాకెట్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, మగ్గాలు నడుస్తుండగా, కొలిచి చూడు. అంకె 230 చుట్టూ నిలవకుండా ఊగుతుంటే ప్లగ్గు పెట్టనివ్వకు. ఇంట్లో వదులైతే ఎలక్ట్రీషియన్ని పిలిపించు, కరెంటు మీటరు అవతలైతే కరెంటు కంపెనీకి ఫిర్యాదు రాయించు. వోల్టేజి ఎక్కువైతే తెగ్గొట్టే రిలే ఒకటి మెయిన్ దగ్గర పెట్టించుకోమను. దాని ఖరీదూ, నువ్వు కొలిచిన అంకెలూ బిల్లు వెనక రాసివ్వు.

ఇట్లు
మీ మామ